మా ఇంటి చదువులో ఫోల్డ్‌స్కోప్: 14 నెలల వాడకం తర్వాత ఒక సమీక్ష

ఫోల్డ్‌స్కోప్ అంటే కాగితాన్ని మడిచి మన చేతులతో మనమే తయారు చేసుకునే సూక్ష్మదర్శిని. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే మనూ ప్రకాశ్, అప్పట్లో ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న జిమ్ సిబుల్‌స్కీ దీన్ని రూపొందించి, 2014లో ఒక పరిశోధన పత్రంలో దీని నిర్మాణాన్ని వివరించారు. విడిభాగాల ఖర్చు ఒక్క డాలరు దాటకూడదన్నది వారు మొదట్లో పెట్టుకున్న లక్ష్యం. మేము కొన్నది వస్తువును 140 రెట్లు పెద్దదిగా చూపే రకం. రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దూరంలో ఉన్న రెండు చుక్కలను విడివిడిగా చూపగలదని దీని గురించి చెబుతారు. భీమవరంలో, బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకుంటున్న మా ఇద్దరు పిల్లలు, పదకొండేళ్ల అమ్మాయీ ఎనిమిదేళ్ల అబ్బాయీ, దీన్ని 14 నెలలుగా వాడుతున్నారు. పిల్లలను ఇంట్లో చదివించుకుంటున్న వారికి, చదివిద్దామా వద్దా అని ఊగిసలాడుతున్న వారికి పనికి వస్తుందన్న ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

వస్తువు సంగతికి వచ్చే ముందు, అది మా ఇంట్లోకి వచ్చేనాటికి మా పరిస్థితి ఎలా ఉందో చెప్పాలి. అది చెప్పకపోతే ఈ కాగితపు ముక్కను ఇంతగా ఎందుకు మెచ్చుకుంటున్నానో అర్థం కాదు. మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా ప్రతి సోమవారం పొద్దున్నే కడుపునొప్పి అనేది. డాక్టరు చూసి కడుపులో ఏమీ లేదన్నారు. ఇంటికి రాగానే పుస్తకాల సంచీని గోడ వైపు తిప్పి పెట్టేది. బడి పేరు ఇక్కడ అనవసరం. ఏడాది చివర బడి మాన్పించి, తమ్ముడితో పాటు ఇంట్లోనే కూర్చోబెట్టాం. బడి మాన్పించాం గానీ, మా మనసుల్లోంచి బడి పోలేదు. హాల్లో గోడకు టైంటేబుల్ అంటించాను. తొమ్మిదింటికి లెక్కలు, పదింటికి ఇంగ్లిషు, పదకొండింటికి సైన్సు, శనివారం పరీక్ష. పక్కింటివారు, చుట్టాలు ఏమనుకుంటారో అన్న బెంగతో, బడిలో జరిగే దానికన్నా ఎక్కువే జరగాలని పట్టుబట్టాను. మూడు నెలలు తిరిగేసరికి సోమవారం కడుపునొప్పి మళ్లీ మొదలైంది. ఈసారి దానికి కారణం నేనే.

ఆ రోజుల్లోనే సైన్సు బాగా రావాలని ఒక సూక్ష్మదర్శిని కొన్నాం. అది ఫోల్డ్‌స్కోప్ కాదు. పెట్టె మీద 1200 రెట్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న ప్లాస్టిక్ బొమ్మ. ఆ కంపెనీ పేరు చెప్పను. 1200 రెట్లకు తిప్పితే బూడిదరంగు మబ్బు తప్ప మరేమీ కనిపించలేదు. అద్దం విరుగుతుందేమో, మర ఊడుతుందేమో అన్న భయంతో నేను దాన్ని బీరువా పైన పెట్టి, సైన్సు గంటలో మాత్రమే కిందికి దించేదాన్ని. పిల్లలు దాన్ని ఎన్నడూ అడగలేదు. తర్వాత ఫోల్డ్‌స్కోప్ పుట్టుక గురించి చదివినప్పుడు ఒక విషయం నా మనసుకు సూటిగా తగిలింది. ప్రకాశ్ థాయిలాండ్‌లో ఒక క్షేత్ర పరిశోధన కేంద్రానికి వెళ్లినప్పుడు, అక్కడ ఖరీదైన సూక్ష్మదర్శిని ఉండి కూడా, పాడవుతుందేమోనన్న భయంతో దాన్ని ఎవరూ ముట్టుకోకపోవడం చూశారట. ఎవరూ భయపడనవసరం లేని పరికరం చేయాలన్న ఆలోచన అక్కడ బలపడింది. మా బీరువా పైన జరిగినదీ అదే కదా అనిపించింది.

ఫోల్డ్‌స్కోప్ పొట్లం విప్పితే మొదట నిరాశే కలుగుతుంది. రంగులు వేసిన ఒక పలుచని అట్ట, దానిలో కత్తిరించి ఉంచిన భాగాలు, చిన్న కటకం, అయస్కాంతపు ముక్కలు. అంతే. భాగాలను అట్ట నుంచి జాగ్రత్తగా విడదీసి, గీతల వెంట మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చాలి. జిగురు అక్కర్లేదు, కత్తెర అక్కర్లేదు. మా అమ్మాయి రంగుల గుర్తులు చూసుకుంటూ, ఎక్కడైనా తప్పితే విప్పి మళ్లీ మడుస్తూ, ముప్పావు గంటలో పూర్తి చేసింది. ఆ ముప్పావు గంటా నేను నోరు మెదపకుండా కూర్చోవడం నాకు నేను నేర్పుకున్న మొదటి పాఠం. రెండుసార్లు ‘అలా కాదమ్మా’ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మూడో భాగం తిరగబడి ఉందని నాకు తెలుస్తూనే ఉంది. ఐదు నిమిషాల తర్వాత అది తనకే తెలిసింది. తను కట్టుకున్న వస్తువు కాబట్టి, అది ఎలా పనిచేస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేకుండా పోయింది. కటకం ఎక్కడుందో, స్లైడు ఎక్కడ దూరుతుందో, ఏ అట్టముక్క జరిపితే స్లైడు కటకానికి దగ్గరవుతుందో ఆమె వేళ్లకే తెలుసు.

వాడే తీరు కొంచెం అలవాటు పడాలి. స్లైడును మధ్యలోకి దూర్చి, రెండు చేతుల బొటనవేళ్లతో పక్కలను పట్టుకుని, కటకాన్ని కంటికి దాదాపు ఆనించి, కిటికీ వెలుగు వైపు తిరగాలి. అటూ ఇటూ జరపడానికి ఒక కదలిక, స్పష్టంగా కనపడేలా సరిచేయడానికి మరొక కదలిక. మొదటి రెండు రోజులు తన కనురెప్ప వెంట్రుకలు తప్ప మరేమీ కనపడలేదని మా అబ్బాయి ఏడుపు ముఖం పెట్టాడు. మూడో రోజు ఉల్లిపాయ లోపలి పలుచని పొరను ఒక చుక్క నీటిలో పరిచి, వాళ్ల అక్క పట్టుకుని ఉండగా చూసి, ‘ఇటుకలు! ఇటుకల గోడ!’ అని అరిచాడు. కణం అన్న మాటను నేను ఆ రోజు చెప్పలేదు. రెండు వారాల తర్వాత, గోడకు ఇటుకలున్నట్టే అన్నిటికీ ఉంటాయా అని వాడే అడిగినప్పుడు చెప్పాను.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. వెలుగు కావాలి కదా అని పిల్లలు సూర్యుడి వైపు తిప్పి చూసే ప్రమాదం ఉంది. అది ఏ పరిస్థితుల్లోనూ కూడదు. వెలుతురున్న ఆకాశం, తెల్లటి గోడ, లేదా టేబుల్ లైటు సరిపోతాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలైతే పెద్దవారు పక్కన ఉండటం మంచిది.

దీనితో ఏం చూడవచ్చు అన్న ప్రశ్నకు జవాబు వంటింట్లోనే మొదలవుతుంది. మా ఇంట్లో అందరికీ ఇప్పటికీ ఇష్టమైనది ఉప్పునీటి చుక్క. కల్లుప్పు కరిగిన నీటిని ఒక బొట్టు స్లైడు మీద వేసి, ఎండలో ఉంచకుండా ఫ్యాను గాలికి ఆరబెడుతూ చూస్తే, బొట్టు అంచున ముందు ఏమీ ఉండదు. ఉన్నట్టుండి ఒక చిన్న చదరం పుడుతుంది. దాని పక్కన మరొకటి. చూస్తుండగానే ఆ చదరాలు నాలుగు వైపులా సమానంగా పెరుగుతాయి, కొన్నింటిలో మెట్లు మెట్లుగా లోపలికి దిగిన గుంటలు కూడా కనిపిస్తాయి. పది పదిహేను నిమిషాల పని. పంచదార నీటితో అలాగే చేస్తే చదరాలు రావు, పాకంలా అతుక్కుపోతుంది. ఎందుకని అడిగితే, చూసి చెప్పమన్నాను. వారం రోజులు పటిక, సోడా ఉప్పు, చింతపండు రసం అన్నీ ఆరబెట్టారు. వంటింటి కిటికీ గట్టు మీద పేర్లు రాసిన స్లైడులు వరసగా ఉండేవి. టైంటేబుల్ గోడ మీద నుంచి ఎప్పుడు తీశానో నాకు కచ్చితంగా గుర్తు లేదు గానీ, ఆ వారంలోనే తీశాను.

మందార పువ్వు పుప్పొడి ముళ్లతో ఉండే బంతిలా కనిపిస్తుంది. ఆ ముళ్లు పురుగుల ఒంటికి అంటుకోవడానికి అనువుగా ఉంటాయని తెలిశాక, మా అమ్మాయి వరి పుప్పొడిని కూడా చూడాలని వెన్ను వేసే కాలం దాకా ఎదురు చూసింది. వరి పుప్పొడి నున్నగా ఉంది, గాలికి ఎగిరేది కదా. బంగాళాదుంపను గీకిన నీటిలో పిండి గింజలు కోడిగుడ్లలా పెద్దవిగా కనిపిస్తాయి. బియ్యప్పిండిలోవి మాత్రం నలకల్లా కనిపిస్తాయి. టింక్చర్ అయోడిన్ ఒక చుక్క వేస్తే రెండూ నల్లటి నీలానికి మారతాయి. ఆకు అడుగున పారదర్శకమైన గోళ్ల రంగు పూసి, ఆరిన తర్వాత సెల్లోటేపుతో పీకి స్లైడు మీద అంటిస్తే పత్రరంధ్రాల ముద్రలు జంట పెదవుల్లా కనిపిస్తాయి. మా అత్తగారి పాత నూలు చీర పోగునూ పట్టుచీర కుచ్చు పోగునూ పక్కపక్కన పెట్టి చూస్తే, నూలు మెలికలు తిరిగిన రిబ్బన్‌లా, పట్టు నున్నని గాజు కడ్డీలా ఉంది. సుమారు మూడున్నర శతాబ్దాల కిందట డెల్ఫ్ట్ నగరంలో బట్టల వ్యాపారం చేసుకునే లేవెన్‌హుక్ తన గుడ్డలోని పోగుల నాణ్యత చూడటానికి కటకాలు వాడేవాడనీ, ఆ వ్యసనమే అతణ్ణి చెరువు నీటి దాకా తీసుకువెళ్లిందనీ ఆ రోజు చెప్పాను. అతను ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. అతను వాడినదీ ఒకే ఒక్క కటకమున్న పరికరం, ఫోల్డ్‌స్కోప్‌లాగానే. నేటికీ మిగిలిన అతని పరికరాల్లో ఒకటి సుమారు 270 రెట్లు పెద్దగా చూపిస్తుంది.

మాది భీమవరం కావడం వల్ల చెరువు నీటికి కొరత లేదు. మా పిల్లలు బాబాయి అని పిలిచే ఒక రైతుకు ఉండి అనే ఊరి వైపు చేపల చెరువూ, పక్కనే వనామీ రొయ్యల చెరువూ ఉన్నాయి. ఒక ఆదివారం వాళ్లు అక్కడికి సీసా పట్టుకుని వెళ్లారు. ఆయన సీసాలో నీళ్లు ముంచి ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని, రంగు చూసి, నీరు బాగా కట్టిందన్నారు. నీరు కట్టడమంటే ఏమిటని మా అమ్మాయి అడిగింది. ప్లాంక్టన్ పడిందమ్మా, చేపకు అదే కదా తిండి అన్నారు ఆయన. ప్లాంక్టన్ అంటే నీటిలో తేలుతూ ఉండే అతి చిన్న జీవులు. ముప్పై ఏళ్లుగా నీటి రంగును బట్టి, మరీ అనుమానం వస్తే ల్యాబ్‌లో పరీక్ష చేయించి చెరువు నడుపుతున్న ఆయన, ప్లాంక్టన్‌ను తన కళ్లతో ఎన్నడూ చూడలేదు. మా అమ్మాయి గట్టు మీదే, మోటారు షెడ్డు నీడలో కూర్చుని ఒక చుక్క స్లైడు మీద వేసింది. ముందు తను చూసి, తర్వాత ఆయన చేతికిచ్చి, ఎలా పట్టుకోవాలో, బొటనవేళ్లు ఎక్కడ పెట్టాలో చూపించింది. ఆయన ఒక కన్ను మూసి, లుంగీ సర్దుకుని, చాలాసేపు కదలకుండా నిలబడ్డారు. ‘ఓరి, ఇది తిరుగుతోందేమిటమ్మా, దీనికి చక్రాలున్నాయి’ అన్నారు. తల మీద నూగు చక్రంలా తిరుగుతున్నట్టు కనిపించే రోటిఫర్ అనే చిన్న నీటి జీవి అది. ఆ తర్వాత పడవ ఆకారంలో డయాటములు కనిపించాయి. గాజు లాంటి సిలికా గుల్లలో ఉండే నాచుజాతి జీవులవి. రొయ్యల రైతులు గోధుమరంగు నీటిని ఎందుకు ఇష్టపడతారో నాకూ ఆ రోజే తెలిసింది. ఆ రంగు డయాటములదే.

ఆ ఒక్క సీసా నుంచి వచ్చిన చదువు రెండు నెలలు సాగింది. బొచ్చె చేప నోరు పైకి తిరిగి ఎందుకుంటుంది అన్నది మొదటి ప్రశ్న. పై నీటిలో తేలే జంతు ప్లాంక్టన్‌ను తినే చేప కాబట్టి. శీలావతి చేప మధ్య నీటిలో మేస్తుంది కాబట్టి దాని నోరు వేరు. ఒకే చెరువులో రెండూ ఎందుకు వేస్తారో అక్కడితో వాళ్లకు తెలిసిపోయింది. తర్వాత తవుడు లెక్క వచ్చింది. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, చెరువులో పాతిన కర్రలకు కడతారు కదా. ఒక సంచిలో ఎంత పడుతుంది, ఎన్ని కర్రలు, రోజుకు ఎంత ఖర్చు అని బాబాయి నోటుపుస్తకం చూసి ఇద్దరూ కూడికలు, గుణకారాలు చేశారు. నేను వర్క్‌బుక్ పెట్టి చేయించాలనుకున్న భాగహారం ఆ చెరువు గట్టు మీద అయిపోయింది. ప్రతి దానినీ పాఠంగా మార్చేయాలన్న ఆత్రం నాకు అప్పుడూ వచ్చింది. ఒక సాయంత్రం ‘ఈ చేపల పేర్లన్నీ శాస్త్రీయ నామాలతో రాయండి’ అన్నాను. వారం పాటు సీసా మూత తీయలేదు. ఆ వారం నాకు చాలా నేర్పింది.

వానాకాలంలో వాకిట్లో పాత టైరులో నిలిచిన నీటిలో దోమ పిల్లలు కనిపించాయి. చిన్నదాన్ని ఒకదాన్ని చుక్క నీటితో స్లైడు మీద పెట్టి చూస్తే, తోక చివర గొట్టం, ఒంటి నిండా నూగు, గాజు లాంటి శరీరంలో నల్లగా కదులుతున్న పేగు కనిపించాయి. ఆ గొట్టంతోనే అది నీటి పైకి వచ్చి ఊపిరి పీల్చుకుంటుంది. మా అత్తగారు ఆ మాట విని, తమ చిన్నతనంలో ఊళ్లో బోదకాలు ఎంత ఉండేదో, రాత్రిపూట ఇళ్లకు వచ్చి వేలికొన నుంచి రక్తం ఎందుకు తీసుకునేవారో చెప్పారు. బోదకాలు క్రిములు రాత్రివేళే రక్తంలో పైకి తేలతాయి కాబట్టి ఆ వేళకే తీసుకోవాలి. ఇప్పటికీ ఇంటింటికీ తిరిగి ఇచ్చే బోదకాలు మాత్రల్లో ఉండే డైఈథైల్ కార్బమజైన్‌ను 1940ల్లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో తయారు చేయించినది మా ఊళ్లోనే 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కిన మనిషి ఆయన. మా అమ్మాయి ఆ సంగతి విని, రెండుసార్లా అని మళ్లీ అడిగింది. అవునన్నాను. ఇంకేమీ అనలేదు.

ఇక ఈ పరికరం చేయలేని పనులు. కొనేవారికి ఇవి ముందే తెలిసి ఉంటే నిరాశ ఉండదు. పెరుగులో సూక్ష్మజీవులుంటాయని విని మా అబ్బాయి ఎంతో ఆశతో పెరుగు చుక్క పలుచగా పరిచాడు. కొవ్వు గుండ్రాలు, తరకల ముద్దలు కనిపించాయి గానీ పెరుగును తోడుపెట్టే బాక్టీరియా కనిపించలేదు. వాటి వెడల్పు ఒక మైక్రాన్ అటూ ఇటూ ఉంటుంది. ఈ కటకం విడదీసి చూపగలిగిన హద్దు దానికి పైన ఉంది. అది పరికరం లోపం అనడం కన్నా ఈ చిన్న కటకం శక్తికి ఉన్న హద్దు అనడం సరైనది. ఒకే కటకం కావడం వల్ల మధ్యలో స్పష్టంగా ఉండి అంచుల్లో మసకబారుతుంది. మందంగా ఉన్న వస్తువులు పనికిరావు. ఎంత పలుచగా ఉంటే అంత బాగా కనిపిస్తుంది. ఒకసారి ఒకరే చూడగలరు. అక్కాతమ్ముళ్లున్న ఇంట్లో ఇది చిన్న సమస్య కాదు. అయస్కాంతపు బిళ్లతో ఫోనుకు తగిలిస్తే ఇద్దరూ తెర మీద చూడవచ్చు, ఫొటోలు తీయవచ్చు. అయినా మా ఇంట్లో ఫోను తగిలించడం చివరి పనిగా పెట్టుకున్నాం. తెర మీద చూసినప్పుడు పిల్లలు ఒక నిమిషంలో లేచిపోతున్నారు, కంటితో చూసినప్పుడు పది నిమిషాలు కూర్చుంటున్నారు.

మన్నిక విషయానికి వస్తే, చేతులు తడిగా ఉన్నా, నేల మీద పడినా, చెరువు గట్టు మీద బురదంటినా ఇది నిలిచింది. ఒకసారి మా అబ్బాయి రొయ్య పెంకు ముక్కను బలవంతంగా దూర్చి స్లైడు పట్టే చోటును వదులు చేశాడు. అది మా పొరపాటు. సెల్లోటేపు ముక్కతో సర్దుకున్నాం, ఇప్పటికీ పనిచేస్తోంది. కటకం మీద వేలిముద్రలు పడితే మెత్తని పొడి గుడ్డతో తుడిస్తే చాలు. ఇదంతా పిల్లలే చేస్తారు. ధర కిట్‌ను బట్టి మారుతుంది. బీరువా పైన పెట్టిన ఆ ప్లాస్టిక్ పరికరానికి పోసిన డబ్బులో ఇది చిన్న భాగమే. ఇద్దరు పిల్లలుంటే రెండు కొనమనే చెబుతాను. మేము మొదట ఒకటే కొని, నాలుగో నెలలో రెండోది తెప్పించాం. గొడవలు తగ్గాయి.

చేపల చెరువులు లేని ఊళ్లలో ఉన్నవారికి ఒక చిట్కా. ఎండుగడ్డి నాలుగు పరకలను తుంచి, కుంటలోనో కాలువలోనో పట్టిన నీటిలో వేసి, మూత పెట్టకుండా నీడలో ఐదారు రోజులు ఉంచండి. పై పొర నుంచి చుక్క తీస్తే చెప్పు ఆకారంలో పరుగెత్తే పారమీసియంలు అనే ఏకకణ జీవులు కనిపిస్తాయి. అవి కంటికి చిక్కకుండా దూసుకుపోతుంటే, స్లైడు మీద రెండు మూడు దూది పోగులు వేస్తే దారులు మూసుకుపోయి నెమ్మదిస్తాయి. వాసన వస్తుంది, వరండాలో ఉంచుకోండి. చూసిన తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఇలా ఆడుతూ పాడుతూ చదివితే పరీక్షల సంగతేమిటని మా బంధువులు అడుగుతూనే ఉంటారు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్ఐఓఎస్, మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయిలను నడుపుతోంది. పద్నాలుగేళ్లు నిండాక పదో తరగతికి సమానమైన పరీక్ష రాయవచ్చు. మాకు దానికింకా సమయం ఉంది, దాన్ని గురించిన ఆందోళనను పిల్లల ముందుకు తీసుకురాకూడదని నిర్ణయించుకున్నాం. రోజూ గంటన్నర లెక్కలు, తెలుగు, ఇంగ్లిషు మాత్రం కూర్చుని చదువుతారు. మిగిలిన పూట వాళ్లది. సోమవారం కడుపునొప్పి మాట మా ఇంట్లో వినపడి ఏడాది దాటింది.

ఈ వస్తువు ఎవరికి సరిపోదో కూడా చెప్పాలి. పొట్లం విప్పిన రోజే అద్భుతాలు కనపడాలనుకునేవారికి సరిపోదు. పాఠ్యపుస్తకంలోని బొమ్మలన్నీ రంగులతో అలాగే కనపడాలనుకుంటే సరిపోదు. పరీక్షకు ఉపయోగపడే అభ్యాసాలు, పూరించే ఖాళీలు కావాలంటే ఇందులో వెతకవద్దు. పిల్లల పక్కన కూర్చుని, వాళ్లకు ఏమీ కనపడని రెండు రోజులు ఓపిక పట్టగలిగిన పెద్దవాళ్లు ఒకరైనా ఇంట్లో ఉండాలి. ఓపిక అంటే సాయం చేయకుండా ఉండే ఓపిక అని నా అర్థం. మడతలు వాళ్లనే పెట్టనివ్వండి. మొదటి స్లైడు వాళ్లనే ఎంచుకోనివ్వండి, అది ముక్కులోంచి తీసినదైనా సరే. మా అబ్బాయి మొదటి స్లైడు అదే.

ఇది రాస్తుండగా మా అమ్మాయి కిటికీ గట్టు మీది సీసాల్లో ఒకదాన్ని తెచ్చి చూపించింది. కొల్లేరు నుంచి వాళ్ల నాన్న పోయిన వారం తెచ్చిన నీరు. దానికి అంటించిన కాగితం మీద తేదీ, చోటు, నీటి రంగు రాసి, కింద ‘ఇందులో ఒక పచ్చటి బంతి దొర్లుతోంది, పేరు తెలియదు, రేపు మళ్లీ చూడాలి’ అని ఉంది.